టెర్మినల్‌లో నడిచే స్క్రిప్ట్ వెబ్ పేజీ నుంచి ఎందుకు ఆగిపోతోంది?

విజయవాడలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో మూడేళ్లుగా జావా ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్న పాఠకురాలు, తన పేరు వెల్లడించవద్దని కోరుతూ వివరమైన ఉత్తరం రాశారు. వారి సంస్థ ఒక డిగ్రీ కళాశాల కోసం వెబ్ అప్లికేషన్ తయారుచేసింది. విద్యార్థుల స్టడీ సర్టిఫికెట్లు, బోనఫైడ్‌లు అందులోంచి తెలుగులో పీడీఎఫ్‌లుగా రావాలి. విద్యార్థి పేరు, తండ్రి పేరు, కోర్సు వివరాలు అందిస్తే ఒక షెల్ స్క్రిప్ట్ (కమాండ్లను వరుసగా నడిపే ఫైలు) వాటిని నమూనా పత్రంలో నింపి, లిబ్రెఆఫీస్ అనే ఆఫీస్ ప్రోగ్రామ్ చేత పీడీఎఫ్‌గా మార్పిస్తుంది. ఆ స్క్రిప్ట్‌ను ఆమె టెర్మినల్‌లో నడిపితే ప్రతిసారీ సరిగానే పనిచేస్తోంది. జావా వెబ్ అప్లికేషన్లను నడిపే టామ్‌క్యాట్ సర్వర్‌లో ఉన్న అప్లికేషన్ నుంచి బటన్ నొక్కితే మాత్రం ఒకరిద్దరు విద్యార్థులకు వస్తుంది కానీ, సెక్షన్ మొత్తానికి అడిగితే పేజీ తిరుగుతూ తిరుగుతూ చివరికి 504 (జవాబు సమయానికి రాలేదన్న తప్పు సంఖ్య) అని చూపిస్తోంది. లాగ్‌లో తప్పేమీ కనిపించదు. ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి బటన్ నొక్కితే ఒకరికి అసలేమీ రాదు. వచ్చిన సర్టిఫికెట్లలోనూ పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు పడుతున్నాయి. స్క్రిప్ట్‌కు పంపే ఎన్విరాన్‌మెంట్‌లో (ప్రోగ్రామ్‌కు అందే అమరికల జాబితాలో) భాషను తెలిపే ల్యాంగ్ విలువను, తెలుగు అక్షరాలనూ రాయగల యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌గా పెట్టి చూసినా ఫలితం లేదు.

పేర్ల మధ్య ఖాళీ ఉన్నప్పుడు కమాండ్ విరిగిపోతోందని, టీమ్ లీడ్ కోడ్‌ను మార్చి, పేర్లన్నీ కలిపిన ఒకే వాక్యాన్ని ‘ఎస్‌హెచ్ -సి’కి, అంటే ఇచ్చిన వాక్యాన్ని కమాండ్‌గా నడిపే షెల్‌కు, ఇచ్చే పద్ధతి పెట్టారు. అంతకుముందు ఫోల్డర్ అనుమతులు మార్చాకే కొంత పని జరిగింది కనుక, ఇప్పుడాయన టామ్‌క్యాట్‌ను రూట్‌గా (సర్వర్ మీద అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) నడిపితే అన్నీ సర్దుకుంటాయని, ఈ వారంలోనే అలా చేసి ముగించమని చెబుతున్నారు. ఆమెకు అది సరికాదని అనిపిస్తోంది, కానీ ఎందుకు సరికాదో చెప్పలేకపోతున్నారు. తనకు పని నేర్పింది ఆయనే, అన్నా అని పిలిచే మనిషి, ఎదురు చెప్పడం ఇబ్బంది. మరోవైపు అడ్మిషన్ల సమయం కావడంతో కళాశాల కార్యాలయం నుంచి రోజూ ఫోన్లు. “మూడేళ్ల అనుభవం తర్వాత కూడా ఒక స్క్రిప్ట్‌ను పిలవడం రాకపోతే నేను ఈ పనికి తగినదాన్నేనా?” అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

ముందుగా మీ చివరి ప్రశ్న. జావాలో బయటి ప్రోగ్రామ్‌ను పిలవడం ఒక్క వరుసలో రాయగలిగే పనిలా కనిపిస్తుంది గానీ, ఆ వరుస వెనుక ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెందిన సంగతులు నాలుగైదు ఉంటాయి. జావా తరగతి గదుల్లో వాటి ప్రస్తావన చాలా అరుదు. మీరు పడిన గుంటల్లో ముఖ్యమైనదాని గురించి జావా సొంత డాక్యుమెంటేషన్‌లోనే, ప్రాసెస్ అనే క్లాస్ దగ్గర, హెచ్చరిక రాసి ఉంది: పిల్ల ప్రాసెస్ (జావా పిలిచిన ప్రోగ్రామ్) రాసేదాన్ని వెంటవెంటనే చదవకపోతే అది ఆగిపోవచ్చు, చివరికి రెండూ ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ ఉండిపోవచ్చు అని. భాషను తయారుచేసినవారే హెచ్చరిక పెట్టవలసి వచ్చిన చోట మీరు తడబడితే, అది మీ యోగ్యతకు కొలత కాదు. పైగా, కారణం తెలియకుండా రూట్ ఇవ్వడానికి మీ మనసు ఒప్పుకోలేదు. ఈ పనిలో కావలసిన గుణాల్లో అది ముఖ్యమైనదని నేను నమ్ముతాను.

ఇక విషయానికి వస్తే, మీరు ఒకే సమస్య అనుకుంటున్నది నిజానికి నాలుగు వేర్వేరు సమస్యలు. అవి కలిసి కనిపించడం వల్లే, అన్నిటికీ ఒకే మందు ఉంటుందన్న ఆశ మీ టీమ్ లీడ్‌కు కలిగింది. వీటిని విడదీసి చూద్దాం.

ఒకరిద్దరికి వచ్చి సెక్షన్‌కు రాకపోవడం వాటిలో మొదటిది. స్క్రిప్ట్ తెరమీద రాసే ప్రతి అక్షరమూ జావా వైపుకు ఒక పైపు ద్వారా వస్తుంది. లినక్స్‌లో ఆ పైపు పరిమాణం సాధారణంగా 64 కిలోబైట్లు. మీ కోడ్ ఆ పైపును చదవకుండా నేరుగా వెయిట్‌ఫర్ (స్క్రిప్ట్ ముగిసేదాకా ఆగే పిలుపు) దగ్గర కూర్చుంటోంది. లిబ్రెఆఫీస్ ప్రతి ఫైలుకూ ఏదో ఒక వరుస రాస్తుంది. స్క్రిప్ట్‌లో ‘సెట్ -ఎక్స్’ కూడా ఉందని మీరే రాశారు కాబట్టి, ప్రతి కమాండూ మళ్లీ ఒకసారి అచ్చవుతుంది. ఇద్దరు విద్యార్థులకైతే ఇదంతా పైపులో ఇమిడిపోతుంది. సెక్షన్ మొత్తానికైతే పైపు నిండుతుంది, నిండగానే స్క్రిప్ట్ తర్వాతి అక్షరం రాయలేక అక్కడే నిలిచిపోతుంది. స్క్రిప్ట్ ముగిస్తేనే జావా కదులుతుంది, జావా చదివితేనే స్క్రిప్ట్ కదులుతుంది. తప్పంటూ ఏదీ జరగలేదు కాబట్టి లాగ్‌లోనూ ఏమీ పడదు. టెర్మినల్‌లో ఈ చిక్కు రాకపోవడానికి కారణం, అక్కడ చదివే పనిని టెర్మినల్ చేసిపెడుతుంది.

ఇక 504 సంగతి. మీ టామ్‌క్యాట్ ముందు, రిక్వెస్ట్‌లను అందుకుని దానికి చేరవేసే ఎన్‌జిన్‌ఎక్స్ ఉందన్నారు. వెనుకనుంచి జవాబు కోసం అది మామూలుగా 60 సెకన్లు ఎదురుచూస్తుంది, ఆ తర్వాత 504 చూపించి తప్పుకుంటుంది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, తప్పుకున్నది ఎన్‌జిన్‌ఎక్స్ మాత్రమే. టామ్‌క్యాట్‌లో ఆ రిక్వెస్ట్ పట్టుకున్న థ్రెడ్ (ఒక్కో రిక్వెస్ట్ పనిని చూసే భాగం) అలాగే చిక్కుకుని ఉంటుంది, స్క్రిప్ట్ కూడా. గుమాస్తా విసుగుతో మళ్లీ నొక్కిన ప్రతిసారీ ఇంకొక థ్రెడ్, ఇంకొక స్క్రిప్ట్ తోడవుతాయి. టామ్‌క్యాట్ మామూలు అమరికలో ఇలాంటి థ్రెడ్‌ల గరిష్ఠ సంఖ్య 200. అవి నిండిన రోజున సర్టిఫికెట్ల పేజీతోపాటు లాగిన్ పేజీ కూడా తెరుచుకోదు.

రెండవ సమస్య, టెర్మినల్‌లో మీరు ఎవరు, సర్వర్‌లో టామ్‌క్యాట్ ఎవరు అన్నది. మీరు లాగిన్ అయినప్పుడు మీ హోమ్ ఫోల్డర్, మీ పాత్ (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా), మీ భాష అమరిక అన్నీ సిద్ధమవుతాయి. సర్వర్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ప్రారంభించిన టామ్‌క్యాట్‌కు వీటిలో ఏదీ వారసత్వంగా రాదు. దాని యూజర్ వేరు, పని ఫోల్డర్ వేరు, పాత్ పొట్టిది. ఉబుంటు (ఒక రకం లినక్స్) ప్యాకేజీగా వచ్చిన టామ్‌క్యాట్ అయితే ఇంకో రెండు కట్టుబాట్లు కూడా ఉంటాయి: దానికి సొంతంగా ఒక ప్రైవేటు టెంప్ (తాత్కాలిక ఫైళ్ల) ఫోల్డర్ ఇస్తారు, కొన్ని ఫోల్డర్లు తప్ప మిగతా డిస్క్‌ను దానికి చదవడానికి మాత్రమే అనుమతిస్తారు. స్క్రిప్ట్ టెంప్‌లో రాసిన ఫైళ్లు మీరు సర్వర్‌లోకి వెళ్లి చూస్తే కనిపించడం లేదని రాశారే, ప్రైవేటు టెంపే అందుకు కారణం అయ్యే అవకాశం ఎక్కువ. ఊహించడం కంటే చూడడం మేలు. స్క్రిప్ట్ మొదట్లోనే, నడుపుతున్న యూజర్ ఎవరు, ఏ ఫోల్డర్‌లో ఉంది, ఎన్విరాన్‌మెంట్ ఏమిటి అన్న మూడు సంగతులను ఒక ఫైలులోకి రాయించి, వెబ్ పేజీ నుంచి ఒకసారి, టెర్మినల్ నుంచి ఒకసారి నడిపి, రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. చూశాక ఆ వరుసలు తీసేయండి, ఎన్విరాన్‌మెంట్‌లో ఒక్కోసారి డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా ఉంటుంది.

ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి నొక్కితే ఒకరికి రాకపోవడం కూడా ఈ కోవలోదే. లిబ్రెఆఫీస్ తన అమరికలను హోమ్ ఫోల్డర్‌లోని ఒక ప్రొఫైల్‌లో దాచుకుంటుంది, ఒక ప్రొఫైల్‌తో ఒక సమయంలో ఒకటే నడుస్తుంది. ప్రతి పనికీ వేరే ప్రొఫైల్ ఫోల్డర్ చూపించే ‘యూజర్‌ఇన్‌స్టలేషన్’ అనే ఎంపిక దానికి ఉంది. దాన్ని వాడితే ఈ గొడవ పోతుంది. దానితోపాటు, విద్యార్థికొకసారి చొప్పున లిబ్రెఆఫీస్‌ను లేపే బదులు, ఒకే పిలుపులో సెక్షన్‌లోని ఫైళ్లన్నీ అందించవచ్చు. కాలం ఎక్కువగా పోయేది దాన్ని లేపడంలోనే కనుక తేడా మీకే కనిపిస్తుంది.

మూడవది ప్రశ్నార్థకాలు. మీరు ల్యాంగ్‌ను మార్చడం సరైన ఆలోచనే, కానీ మార్చిన చోటు వేరు. జావా తాను పంపే ఆర్గ్యుమెంట్లను (కమాండ్‌తోపాటు ఇచ్చే విలువలను) బైట్లుగా మార్చేది, జావాను నడిపే జేవీఎం మొదలైనప్పుడు తనకు కనిపించిన లొకేల్ (భాష అమరిక) బట్టి. ఆ లొకేల్ ఖాళీగా ఉంటే తెలుగు అక్షరాలు జావా దాటకముందే ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. ఆ తర్వాత స్క్రిప్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో ఏమి పెట్టినా పోయిన అక్షరాలు తిరిగి రావు. జావా 18 నుంచి ఫైళ్లు చదివి రాసే డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అయినా, ఆర్గ్యుమెంట్ల విషయంలో లొకేల్ మాటే ఇప్పటికీ చెల్లుతుంది. కాబట్టి ల్యాంగ్ విలువ టామ్‌క్యాట్ సర్వీస్ ఫైలులోనే ఉండాలి. అలా చేశాక ప్రశ్నార్థకాలు పోయి డబ్బాలు కనిపిస్తే అది ఫాంట్ లేకపోవడం. సర్వర్‌లో నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంట్ ఒకటి ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది.

నాల్గవదానికి ఇంతవరకు మీకు ఫోన్ రాలేదు, కానీ నాకు అన్నిటికంటే భయం కలిగించింది అదే. విద్యార్థులు ఆన్‌లైన్ ఫారంలో నింపే పేరు ‘ఎస్‌హెచ్ -సి’ వాక్యంలోకి నేరుగా చేరుతోంది. జావాలో బయటి కమాండ్‌ను నడిపే రన్‌టైమ్.ఎగ్జెక్‌కు ఒకే స్ట్రింగ్ ఇచ్చినప్పుడు అది ఖాళీల దగ్గర ముక్కలు చేస్తుంది, కోట్‌లను పట్టించుకోదు. మీ మొదటి కమాండ్ విరిగింది అందుకే. జావా 18లో ఆ పద్ధతిని వాడవద్దని గుర్తు కూడా వేశారు. దానికి పరిష్కారంగా షెల్‌ను మధ్యలోకి తేవడంతో విరగడం తగ్గింది గానీ, షెల్‌కు అర్థమున్న ప్రతి గుర్తూ, సెమికోలన్, డాలర్, బ్యాక్‌టిక్, ఇప్పుడు ఆ పేరు పెట్టెలోంచి లోపలికి వచ్చే దారి అయింది. పేరు తర్వాత సెమికోలన్ పెట్టి ఎవరైనా ఒక కమాండ్ రాస్తే, మీ సర్వర్ దాన్ని విధేయంగా నడుపుతుంది. దురుద్దేశం లేకపోయినా, డిసౌజా వంటి పేరును ఇంగ్లిష్‌లో అపాస్ట్రఫీతో నింపిన విద్యార్థికి సర్టిఫికెట్ రాదు.

ఇది ఊహల్లోని ప్రమాదం కాదు. 2017లో అమెరికాలో ఈక్విఫాక్స్ అనే రుణ సమాచార సంస్థ నుంచి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. అక్కడ దొంగలు ప్రవేశించింది అపాచీ స్ట్రట్స్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లోని లోపం ద్వారా: వెబ్ రిక్వెస్ట్ హెడర్‌లో పంపిన అక్షరాలు సర్వర్ మీద కమాండ్లుగా నడిచాయి. దానికి ముందు ఏడాది, 2016లో, ఇమేజ్‌మ్యాజిక్ అనే బొమ్మలు మార్చే ప్రోగ్రామ్‌లో ఇలాంటిదే బయటపడింది. అప్‌లోడ్ చేసిన బొమ్మ ఫైలులోని అక్షరాలు షెల్ దాకా చేరేవి. మీ కళాశాల సర్వర్ మీద కన్నేసేవారు ఎవరుంటారు అనుకోవద్దు, ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి సర్వర్‌నూ యంత్రాలే వెతుకుతుంటాయి.

ఇప్పుడు రూట్ విషయం. మీ టీమ్ లీడ్ మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. ఇంతకుముందు అనుమతులు మార్చాకే కొంత పని జరిగింది కనుక, ఇంకా అనుమతులు ఇస్తే మిగతాదీ జరుగుతుందని ఆయన అనుకోవడం సహజం. అయితే పై నాలుగింటిని మళ్లీ చూడండి. రూట్‌గా నడిపినా పైపు పరిమాణం పెరగదు. లొకేల్ మారదు. ప్రైవేటు టెంప్, చదవడానికి మాత్రమే అన్న కట్టుబాటు సర్వీస్ ఫైలులో ఉన్నంతకాలం రూట్‌కూ వర్తిస్తాయి. మారేది ఒక్కటే: ఇప్పటివరకు టామ్‌క్యాట్ యూజర్ హద్దుల్లో ఆగే సెమికోలన్, ఆ తర్వాత సర్వర్ మొత్తానికీ యజమాని అవుతుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. రూట్ సృష్టించిన ఫైళ్లను, ఎప్పుడైనా మళ్లీ టామ్‌క్యాట్ యూజర్‌కు మారినప్పుడు, అది తాకలేకపోతుంది. అంటే వెనక్కి వచ్చే దారి కూడా కష్టమవుతుంది. ఎంచుకున్న కమాండ్‌ను రూట్ అధికారంతో నడిపించే సుడోతో ఒక్క స్క్రిప్ట్‌కే అనుమతి ఇవ్వడం దీనికంటే నయమనిపిస్తుంది, కానీ ఆ స్క్రిప్ట్‌లోకి వెళ్లే పేర్లు శుభ్రంగా లేనంతవరకు తేడా కొద్దిపాటిదే. ఉబుంటు ప్యాకేజీ అమరికలో అది పనిచేయదు కూడా, కొత్త అధికారాలు పొందకూడదన్న నిబంధన అందులో ఉంది.

మీ ముందున్న దారులు, నాకు తోచినంతలో, మూడు.

మొదటిది, ఉన్న నిర్మాణాన్ని ఉంచి పిలిచే తీరును సరిదిద్దడం. షెల్‌ను తీసేసి ప్రాసెస్‌బిల్డర్ అనే జావా క్లాస్‌కు స్క్రిప్ట్ పూర్తి దారినీ, ఆర్గ్యుమెంట్లనూ విడివిడిగా ఇవ్వండి. ఆర్గ్యుమెంట్‌గా పేర్లు పంపవద్దు. అంకెలే ఉన్నాయని పరీక్షించిన అడ్మిషన్ నంబర్ గానీ, మీరే సృష్టించిన పని సంఖ్య గానీ పంపి, పేర్లను యూటీఎఫ్-8 ఫైలులో రాసి స్క్రిప్ట్ చేత చదివించండి. ఈ ఒక్క మార్పుతో ఖాళీల సమస్య, సెమికోలన్ ప్రమాదం, ప్రశ్నార్థకాలు మూడూ తగ్గుతాయి. సర్వర్‌లో నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా చూసినవారికి విద్యార్థుల పేర్లు కనిపించడం కూడా పోతుంది. స్క్రిప్ట్ లోపల కూడా ఆ పేర్లను, అక్షరాలను కమాండ్‌గా నడిపే ఇవాల్ వంటి వాటికి అందించకూడదని గుర్తుంచుకోండి.

పైపు విషయంలో, తప్పుల వరుసలను మామూలు వరుసల్లో కలిపేసి, మొత్తాన్ని ఒక ఫైలులోకి మళ్లించమని నా సలహా. చాలామంది అదే థ్రెడ్‌లో చదివి, ఆ తర్వాత గడువుతో వెయిట్‌ఫర్ పిలుస్తారు. స్క్రిప్ట్ మధ్యలో ఆగిపోతే చదవడమే ముగియదు కాబట్టి ఆ గడువు దాకా కోడ్ ఎప్పటికీ రాదు. ఫైలులోకి మళ్లిస్తే ఆ బాధ ఉండదు. గడువు దాటినప్పుడు స్క్రిప్ట్‌ను చంపితే చాలదు, దాని కింద పుట్టిన లిబ్రెఆఫీస్ బతికే ఉంటుంది. జావా 9లో వచ్చిన ప్రాసెస్‌హ్యాండిల్‌తో సంతానాన్నంతా ముందే సేకరించుకుని, అందరినీ ఆపాలి. ముగింపు కోడ్‌ను లాగ్‌లో రాయండి: 127 అంటే కమాండ్ దొరకలేదని, 126 అంటే నడిపే అనుమతి లేదని, 137 అంటే బలవంతంగా చంపారని, చాలావరకు మెమరీ చాలకపోవడం వల్ల. సున్నా వచ్చినా నమ్మేయవద్దు; లిబ్రెఆఫీస్ మార్పిడి విఫలమై కూడా ఒక్కోసారి సున్నా ఇస్తుంది, పీడీఎఫ్ నిజంగా పుట్టిందో లేదో చూసుకోవాలి. ఒకేసారి ఇన్నింటికి మించి నడవకుండా ఒక సెమాఫోర్ కూడా పెట్టండి. ఇదంతా మీరు ఈ వారంలో చేయగలిగేదే. అయితే సెక్షన్ పెద్దదై 60 సెకన్లు దాటితే 504 మళ్లీ వస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్ గడువు పెంచితే కొన్నాళ్లు నెట్టుకురావచ్చు, అంతకు మించి కాదు.

రెండవది, పిలవడాన్నే వెబ్ అప్లికేషన్ నుంచి బయటికి తీయడం. బటన్ నొక్కితే డేటాబేస్‌లో ఒక టేబుల్‌లో ‘ఈ సెక్షన్‌కు సర్టిఫికెట్లు కావాలి’ అని ఒక వరుస పడుతుంది, పేజీ వెంటనే తిరిగి వస్తుంది. వేరొక యూజర్ కింద నడిచే చిన్న ప్రోగ్రామ్ ఆ వరుసలను ఒక్కొక్కటిగా తీసుకుని పనిచేసి, అయింది లేదా కాలేదు అని రాస్తుంది. పేజీ ఆ స్థితిని చూపిస్తుంది. అప్పుడు బయటి కమాండ్లు నడపాల్సిన అవసరమే టామ్‌క్యాట్‌కు ఉండదు, గుమాస్తా పదిసార్లు నొక్కినా ఒకే పనిగా గుర్తించవచ్చు. దీని ఖరీదు కూడా చెప్పాలి: డిప్లాయ్ చేయాల్సినవి రెండవుతాయి, మధ్యలో ఆగిన పనులను ఎవరు తిరిగి మొదలుపెట్టాలో ఆలోచించాలి, ఆ రెండో ప్రోగ్రామ్ ఆగిపోతే గమనించే ఏర్పాటు కావాలి. నా మనసు ఈ దారివైపే మొగ్గుతుంది, కానీ అడ్మిషన్ల నడుమ దీన్ని మొదలుపెట్టమని చెప్పను.

మూడవది, స్క్రిప్ట్‌నే తీసేయడం. జోడ్‌కన్వర్టర్ అనే జావా లైబ్రరీ లిబ్రెఆఫీస్‌ను లేపి ఉంచి, పనులు అందించి, చెడిపోతే తిరిగి లేపే బాధ్యత తీసుకుంటుంది. మీరు రాయాల్సిన కోడ్ చాలా తగ్గుతుంది, సర్వర్‌లో లిబ్రెఆఫీస్ మాత్రం ఉండాల్సిందే. అదీ వద్దని నేరుగా జావాలోనే పీడీఎఫ్ గీసే లైబ్రరీకి వెళ్లాలనుకుంటే, ముందు తెలుగును పరీక్షించండి. ఒత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చోవాలంటే అక్షరాలను అమర్చే ప్రత్యేకమైన పని ఒకటి జరగాలి, అన్ని లైబ్రరీలూ దాన్ని చేయవు. లక్ష్మి, జ్యోత్స్న, కృష్ణమూర్తి అన్న మూడు పేర్లు అచ్చువేసి చూస్తే చాలు, ఆ లైబ్రరీ సంగతి మీకు తెలిసిపోతుంది.

మీ టీమ్ లీడ్‌తో ఎలా మాట్లాడాలన్నది మిగిలింది. ‘రూట్ వద్దన్నా’ అని మొదలుపెడితే అది ఆయన మాటకు ఎదురవుతుంది. దానికి బదులు రెండు చిన్న పరీక్షలు చేసి చూపించండి. పరీక్షల సర్వర్‌లో, నిజమైన విద్యార్థుల వివరాలు లేనిచోట, పేరు పెట్టెలో సెమికోలన్ తర్వాత ఒక ఖాళీ ఫైలు సృష్టించే కమాండ్ రాసి, ఆ ఫైలు పుట్టడం ఆయన కళ్లముందే చూపండి. ఆ తర్వాత అక్కడే రూట్‌గా నడిపి, పెద్ద సెక్షన్‌కు అదే 504 రావడం చూపండి. పని నేర్పిన మనిషి కనుక, కళ్లముందు జరిగినదాన్ని కాదనరని ఆశించవచ్చు. వాదన అవసరం లేకుండానే, “ఫోల్డర్ అనుమతుల విషయంలో మీరు చెప్పింది నిజమే అన్నా, టామ్‌క్యాట్ యూజర్‌కు ఈ ఒక్క ఫోల్డర్ ఇస్తే చాలు, మిగతావి ఇవి” అని మీ జాబితా ముందు పెట్టవచ్చు.

అయినా ఆయన రూట్‌కే పట్టుబడితే మీకు రెండు మార్గాలున్నాయి. చెప్పినట్టు చేయడం ఒకటి. అప్పుడు కనీసం ‘ఎస్‌హెచ్ -సి’ని తీసేసే మార్పు ముందు వెళ్లాలని, రూట్ దాని తర్వాతేనని షరతు పెట్టండి, ఆ క్రమం వల్ల ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. లేదా, మీ అభ్యంతరాన్నీ కారణాన్నీ మర్యాదగా నాలుగు వాక్యాల్లో ఆయనకు మెయిల్ రాసి, పైవారి నిర్ణయం అడగమని కోరడం. రెండవదానివల్ల కొన్నాళ్లు మాటలు తగ్గవచ్చు, అది మీకు బరువుగానే ఉంటుంది. కానీ ఆ సర్వర్‌లో ఉన్నవి పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు. వాటి తరఫున మాట్లాడగలిగేది ఆ గదిలో ప్రస్తుతం మీరొక్కరే అని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది.

కళాశాల కార్యాలయానికి ఈలోగా చెప్పాల్సింది కూడా ఉంది: మార్పు వెళ్లేవరకు సెక్షన్ మొత్తానికి కాక కొద్దిమందికి చొప్పున అడగమని, ఒకరు నొక్కినప్పుడు ఇంకొకరు ఆగమని, పేజీ తిరుగుతుంటే మళ్లీ నొక్కకుండా మీకు ఫోన్ చేయమని కోరండి. స్క్రిప్ట్‌లోని ‘సెట్ -ఎక్స్’ను ఈ రోజే తీసేస్తే ఆ కొద్దిమంది సంఖ్య కాస్త పెరుగుతుంది.